గాలి ఉన్న మోటారు

ఆ వర్క్‌షాపులో వెనక షెడ్డుకి మంచి పేరు లేదు. చీకటిపడ్డాక అక్కడ ఎవరో మూలుగుతారట. పాత వాచ్‌మన్ చెప్పులు కూడా వదిలేసి పారిపోయాడు. అవి ఇంకా గుమ్మం పక్కనే ఉన్నాయి.

కొత్త వాచ్‌మన్‌కి ఈ సంగతి చెప్పనివాళ్ళు లేరు. అక్కడ కాలిన మోటార్లకి తీగ చుట్టేది అతని అక్కే.

ఆ రాత్రి అక్క ఆసుపత్రి నీళ్ళ మోటారుని ఇనప ట్యాంకులోకి దించి, మూత బిగించి, ట్యాంకుకి తగిలించిన పంపు వేసింది. రెండుసార్లు కాలిపోయిన మోటారు. మూడు రోజులు కూర్చుని కొత్త తీగ చుట్టింది.

"లోపల గాలి ఉండిపోయిందిరా, అందుకే కాలిపోతోంది," అంది. "ఇవాళ వదిలించేస్తాను. పిల్లకి అన్నం పెట్టి వస్తా, పంపు మాత్రం ఆపకు. ఆపావంటే... పోయిన గాలి మళ్ళీ దూరుతుంది. ఇక మోటారు దక్కదు."

గాలి... అంటే దెయ్యం! తమ్ముడు గుమ్మం పక్కనున్న చెప్పుల వైపు చూశాడు.

అక్క వెళ్ళింది. పంపు మూలిగింది. ట్యాంకుకి ఆనుకుని, మూతకున్న గాజులోంచి తొంగి చూశాడు—

టక్.

టక్, టక్, టక్.

పైప్రాణాలు పైనే పోయాయి. ఒక్క గెంతులో తలుపు పక్కనున్న స్విచ్చు దగ్గరికి వెళ్ళాడు. చప్పుడు ఆగింది... అతనేం చేస్తాడో చూస్తున్నట్టుంది. ఆపేసి పరుగెత్తితే చాలు. కానీ బొబ్బలెక్కిన అక్క వేళ్ళు గుర్తొచ్చాయి. వెనక్కొచ్చి, కళ్ళు మూసుకుని, ట్యాంకుని రెండు చేతులా వాటేసుకున్నాడు.

"తల్లీ," అని గొణిగాడు, "ఇది మా అక్క కష్టం, వదిలెయ్. కావాలంటే మూల పాత ఫ్యాను ఉంది... దాన్ని పట్టుకో."

టక్ టక్ టక్ టక్.

అక్క వచ్చేసరికి ఇంకా అలాగే ఉన్నాడు.

"పంపు ఆపలేదక్కా. దెయ్యం కూడా పోలేదు."

"దెయ్యమేంట్రా? తీగల సందుల్లో ఉండే మామూలు గాలి. దాన్ని లాగేస్తేనే వార్నిష్ లోపలికంటా ఇంకుతుంది."

"మరి తట్టిందెవరు?"

అక్క అతని నడుముకి వేలాడే తాళాల గుత్తి పట్టుకుంది. "నువ్వు వణికావు, ఇది ట్యాంకుకి కొట్టుకుంది." నవ్వు ఆపుకోలేక నేలమీద కూలబడింది. అతనికీ నవ్వొచ్చింది. ఇద్దరూ కడుపు పట్టుకుని నవ్వారు.

కళ్ళు తుడుచుకుని అక్క వార్నిష్ కుళాయి తిప్పింది. హుస్స్... మోటారు వార్నిష్ అంతా తాగేసింది. "బతికిందిరా," అంది.

గుత్తిని మేకుకి తగిలిస్తూ తమ్ముడు మూలకి చూశాడు.

వైరు కూడా లేని పాత ఫ్యాను... మెల్లగా తిరుగుతోంది.