పెద్దత్త గిన్నె

చిత్తూరులో మా ఇంటికి ముందర సగం బెల్లం మండీ, వెనక సగం మేం కాపురముండే ఇల్లు. మధ్యన ఒక్క తలుపే అడ్డం. అందుకే మా ఇంట్లో దుప్పటికీ, దిండుకీ, ఆఖరికి తాగే నీళ్ళకీ బెల్లం వాసనే. వానాకాలం వస్తే ఆ వాసన పులిసిపోతుంది. గోనెసంచుల కింద బెల్లం కరిగి పాకమై పారతా ఉంటుంది. కాలు పెడితే జిగురు, చెయ్యి పెడితే చీమలు. కాపురానికొచ్చిన కొత్తలో నాకు అన్నం సయించేది కాదు. రాను రాను అలవాటైపోయింది.

ఎమర్జెన్సీలో పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ల కోసం జనాన్ని లారీల్లో ఎక్కించుకుపోయిన రోజులు అయిపోయిన మరుసటేడు నాకు రెండో కాన్పు. మొదటిది ఆడపిల్ల. ఈ తూరి మగబిడ్డ. పుట్టినాడు గానీ ఏడవలేదు. మంత్రసాని సిద్ధమ్మ కాళ్ళు పట్టుకుని తలకిందులుగా తట్టింది, ముక్కులో ఊదింది. ఊహూ. గుడ్డలో చుట్టి నా ఒళ్ళో పెట్టింది. కాసేపు పెట్టుకున్నాను. తర్వాత తీసుకుపోయినారు.

పచ్చి ఒంటితోనే నీళ్ళ బిందెలెత్తినాను, బెల్లం బుట్టలు జరిపినాను. ఎవరొద్దన్నారు గనక? ఒకనాడు బావి దగ్గర బిందె చంకనెత్తుకోంగానే పొత్తికడుపులో నుంచి ఏదో కిందికి జారింది. గర్భసంచి. నడిస్తే తొడల మధ్య బరువు, కూర్చుంటే ఒత్తిడి, దగ్గితే ఇంకా కిందికొస్తుంది. ఎవరితో చెప్పుకునేది ఈ పాడు సంగతి? మా వీధిలోనే ఉండే నర్సు దేవకమ్మతో చెప్పుకున్నాను.

"తిరుపతికి పోయి డాక్టరమ్మకు చూపించు మే. రబ్బరు రింగు పెడతారు, సంచి పైన నిలబడుతుంది. అంతకీ నిలవకపోతే ఆపరేషన్ చేసి సంచే తీసేస్తారు. అప్పుడింక కాన్పుల మాట మర్చిపోవాల్సిందే" అనింది.

నాకు ఇంకో బిడ్డ కావాల. ఏడవని బిడ్డను ఒళ్ళో పెట్టుకున్నదాన్ని, ఏడ్చే బిడ్డ కావాల నాకు. మా ఆయన జయరామ్ కోసమో, మా అత్త కోసమో కాదు. నాకే కావాల. సంచి పోతే నేను బతికి ఏం చేసేది?

తిరుపతి ప్రయాణమనేసరికి మా అత్త భారతమ్మ మూతి ముడుచుకునింది.

"అంత దూరం ఎందుకు మే? మా అక్కది ఉండాది కదా పెట్టెలో" అనింది.

"ఏముండాదత్తా?"

మండీ వైపు తలుపు దగ్గరికేసి వచ్చి నా చెవిలో చెప్పింది. "గిన్నె."

వాళ్ళక్క అంటే మునిరత్నమ్మ, నాకు పెద్దత్త. మొగుడు పోయినప్పటి నుంచి మా ఇంట్లోనే వెనక గదిలో ఉండేది. ఎన్ని కాన్పులైనా ఒక్క బిడ్డా దక్కలేదామెకు, అన్నీ చచ్చి పుట్టినవే. సంచి ఎప్పుడో జారిపోయింది. కాళ్ళు ఎడంగా పెట్టి, అరికాళ్ళు నేలకు ఈడ్చుకుంటా నడిచేది. ఆమె వస్తా ఉంటే ముందు ఆ ఈడుపు వినపడేది, తర్వాత వాసనొచ్చేది. పోయి అప్పటికి ఏడాది కాలేదు. ఆమె పోయినప్పుడు నేను పుట్టింట్లో ఉన్నాను.

అత్త ట్రంకుపెట్టె అడుగు నుంచి ఒక మూట తీసింది. విప్పితే నడుముకు కట్టుకునే తోలు పట్టీ, చెమట తాగి తాగి నల్లబడింది. దాని నుంచి ముందుకీ వెనక్కీ నాడాలు. నాడాలు కలిసే చోట ఒక కమ్మీ, కమ్మీ కొసన నల్లటి గట్టి రబ్బరు గిన్నె, పిల్లలకు మందు తాపే గిన్నెంత. కమ్మీకి మర ఉండాది. మర తిప్పితే గిన్నె పైకి లేస్తుంది, వెనక్కి తిప్పితే దిగుతుంది. జారిన సంచిని ఆ గిన్నె లోపల నిలబెడుతుందన్న మాట. వేలూరులో ఎవరో దొరసాని డాక్టరమ్మ ఇచ్చిందంట, పెద్దత్త పడుచుగా ఉన్నప్పుడు.

గిన్నె అంచున ఏదో తెల్లగా పొరకట్టి ఎండిపోయి ఉండాది. చీమలు బారు కట్టి దాని మీదికెక్కతా ఉండాయి. బెల్లం ఇంటి చీమలు బెల్లం మానేసి దాన్ని తింటా ఉండాయి. దొడ్లోకి పరిగెత్తి కక్కేసినాను.

"థూ! చచ్చినామెది నేను పెట్టుకునేదా అత్తా? నీకసలు బుద్ధుండాదా?"

"ఉడకబెడితే ఏమవతాది మే? మందు సామాను. ఇత్తడి చెంబు ఒకరు తాగింది ఒకరు తాగమా?"

మనిషి పోతే ఒంటిమీది గుడ్డలు, పక్కబట్టలు, చాప అన్నీ చాకలి నాగులమ్మకు ఇచ్చేస్తారు మా ఇళ్ళల్లో. ఒంటినంటుకున్నదేదీ ఇంట్లో ఉండకూడదు. మరి ఇది ఎట్లా మిగిలిందని అడిగినాను. చింతపండేసి ఆ కమ్మీ తోముతా తోముతా చెప్పింది అత్త.

"ఏమని చెప్పి ఇచ్చేది మే నాగులమ్మకు? ఊరంతా చెప్పుకుని నవ్వదా? అందుకే దాచిపెట్టినా." కమ్మీ తిప్పి అవతలి వైపు తోమింది. "మంచాన పడినప్పుడు తీసి పక్కన పెట్టినాం. ప్రాణం పోయే ముందర ఒకటే కేకలు మా అక్క, గిన్నె గిన్నె అని. మీ ఆయన గంజి గిన్నె తెచ్చి నోటికాడ పెడితే చేత్తో కొట్టేసింది. పాలు తెచ్చినా కొట్టేసింది. ఏ గిన్నె అడగతా ఉండాదో నాకు తెలుసు. పడసాల నిండా మగోళ్ళు. యాడ చెప్పేది? ఏమని చెప్పేది?"

"అయితే అది లేకుండానే పూడ్చినారా?"

"మరింకేం చేసేది?"

ఆ ముసిల్దాని మీద జాలేసింది. ఈ ముసిల్దాని మీద ఒళ్ళు మండింది. కానీ తిరుపతికి తీసుకుపోయేవాళ్ళు లేరు, సంచి రోజురోజుకీ దిగతా ఉండాది, నాకేమో బిడ్డ కావాల. కుంకుడురసంలో ఉడకబెట్టించినాను, ఎండలో ఆరబెట్టినాను, కొబ్బరినూనె రాసుకుని, ముక్కు మూసుకుని పెట్టుకున్నాను. మర తిప్పంగానే లోపల బరువు పైకి లేచింది. ఎన్నాళ్ళ తర్వాతో నిటారుగా నిలబడినాను. సిగ్గు లేకుండా చెప్తా ఉండా, ఆ పూట సంతోషంతో ఏడ్చినాను.

సంతోషం ఎంతసేపు? మర్నాటికే వాసన మొదలయింది. నాది కాదు ఆ వాసన. పెద్దత్త గది వాసన. పుండు వాసన, పులిసిన గుడ్డల వాసన, పైన కొబ్బరినూనె. స్నానం చేసినా పోదు. నా కూతురు నా పక్కలో పడుకోనని మారాం చేసింది. "అమ్మా, నువ్వు పెద్దవ్వ వాసనొస్తా ఉండావు" అనింది. లేచి చూసుకుంటే పక్కమీద చీమలు, నేను పడుకున్న చోట, నడుము కింద. చీపురుతో ఊడిస్తే మళ్ళీ వచ్చినాయి.

కడుక్కుందామని తీస్తే గిన్నెలో ఒక నెరిసిన వెంట్రుక ఉండాది, పొడుగ్గా, జిగురుజిగురుగా. నా తలలో తెల్ల వెంట్రుక ఒక్కటీ లేదు. అత్తదేమో అనుకుని కళ్ళు మూసుకుని పారేసినాను. అనుకోకపోతే ఇంకెట్ల పెట్టుకునేది?

మర కూడా నేను తిప్పిన చోట ఉండేది కాదు. పొద్దున వదులుగా పెట్టుకుంటే, మధ్యాహ్నానికి బిగుసుకుని కడుపులో నొక్కేది. వెనక్కి తిప్పుకునేదాన్ని. మళ్ళీ బిగిసేది. దేవకమ్మతో చెప్తే "నడకలో తిరుగుతాదేమోలే" అనింది. నడకలో మర వదులవతాది గానీ బిగుస్తుందా ఎక్కడైనా?

ఆనాడు సాయంత్రం వాన. దీపాలు పెట్టే వేళ. అత్త నా కూతుర్ని తీసుకుని వాళ్ళ చెల్లెలింటికి పోయింది. మా ఆయన మండీలో బండ్లు దించుకుంటా ఉన్నాడు. అవతల కూలీల కేకలు వినపడతానే ఉండాయి. కరెంటు పోయింది. కడుపులో పోట్లుగా ఉంటే నడిమింట్లో మంచం మీద ఒరిగినాను. లేచి బుడ్డీ వెలిగించాలనుకుంటానే ఉండా...

వెనక గదిలో ఈడుపు వినపడింది.

గది తలుపుకు గొళ్ళెం పెట్టే ఉండాది. అయినా వినపడతా ఉండాది. తడి నేల మీద అరికాళ్ళు ఈడ్చే చప్పుడు. ఆగింది. మళ్ళీ ఈడ్చింది. ఈ తూరి గదిలో కాదు... గడపకు ఇవతల.

వాసనొచ్చింది. నా ఒంటి నుంచి వచ్చే వాసనే, ఎదురుగా ఇంకోచోట నుంచి.

"ఎవరు మే అది?" అన్నాను.

చీకట్లో ఏదో నా కాళ్ళ దగ్గర గొంతుక్కూర్చునింది. ఎముకలు పటపటమన్నాయి. తడిగుడ్డ నేలకు కొట్టినట్టు ఏదో కింద తపక్కుమనింది. జారి వేలాడేది నేలకు తగిలిందని నాకర్థమయింది. నాకే అర్థమవతాది, ఇంకెవరికి అర్థమవతాది?

"నా గిన్నె మే..." గుసగుసగా అనింది.

"ఇచ్చేస్తా పెద్దత్తా... ఇచ్చేస్తా... నీదే... తీసుకోని పో..."

నాడాలు లాగినాను. రాలేదు. చెమటకు ముడి బిగిసిపోయింది. పళ్ళతో కొరకడానికి అందదు. మా ఆయన్ని పిలిచినాను. అవతల బుట్టల లెక్క గట్టిగా అరుస్తా ఉన్నాడు, నా మాట ఆయనకు వినపడలేదు.

చల్లటి వేళ్ళు మర మీద పడినాయి. తిప్పినాయి. పైకి కాదు... కిందికి.

దిగింది... ఇంకా దిగింది... నా లోపలి వెచ్చదనమంతా గిన్నెతో పాటే దిగిపోయింది. నొప్పి లేదు. అరవడానికి నొప్పైనా లేదు. తర్వాత, చల్లగా, మెత్తగా, నానిన తోలుసంచి లాంటిదేదో లోపలికి ఎక్కింది. వేళ్ళు మళ్ళీ మర తిప్పినాయి. ఈ తూరి పైకి. బిగించినాయి. నా తొడ మీద చెయ్యి తుడుచుకునింది.

"నువ్వే పెట్టుకో మే. నాకింక దీంతో పనిలేదు."

లేచింది. మెరుపు మెరిసింది. ఆ వెలుతురులో చూసినాను. వీపు నా వైపుంది. చెంగులో ఏదో పొదివి పట్టుకోని ఉండాది, రెండు చేతులా, పొట్టకానించి. నడిచిపోయింది. ఈడుపు లేదు. కాళ్ళు దగ్గరగా వేసి, పడుచుపిల్ల మాదిరి టకటకా నడిచిపోయింది.

అత్త వచ్చి నా నాడాలు కత్తెరతో కోసింది. బరువు లేదు, ఒత్తిడి లేదు. దగ్గినా ఏమీ జారలేదు. "సూసినావా, మా అక్కది ఎంత మంచిదో" అనింది అత్త. నేను జరిగిందంతా చెప్తే చలిజ్వరమనింది. ఆ పాడు గిన్నెను నేనే పొయ్యిలో పెట్టి కాల్చేసినాను.

ఆ నెల నేను బయట చేరలేదు. మరుసటి నెలా చేరలేదు. నెల తప్పిందని అత్త వీధంతా బెల్లం పంచింది. మా ఆయన ఈసారి బిందె ముట్టుకోనీలేదు. నాకూ ఆశ పుట్టింది. ఆ సాయంత్రం సంగతి నిజంగా జ్వరమేనేమో అని నన్ను నేనే సముదాయించుకున్నాను. ఎందుకైనా మంచిదని తిరుపతికి పోయి డాక్టరమ్మకు చూపించుకున్నాం.

ఆమె చాలాసేపు పరీక్ష చేసింది. చెయ్యి కడుక్కుని వచ్చి, మళ్ళీ పోయి కడుక్కునింది.

"నీ వయసెంతమ్మా?"

"ఇరవై ఆరు."

"నిజం చెప్పు. ఎన్ని కాన్పులు?"

"రెండు."

ఆమె మా ఆయన వైపు చూసింది. "ఈ సంచి చాలా కాన్పులు చూసిన సంచి. ముట్లుడిగి ఎండిపోయిన ముసలామెకుంటుంది ఇట్లా. ఇందులో గర్భం లేదు, ఇంక రాదు" అనింది.

బస్సులో వస్తా దారి పొడుగునా కక్కుకుంటానే వచ్చినాను. నా ఒంట్లో ఉండాది అది. చచ్చిన బిడ్డలను మోసిన ఆ ముసిల్దాని సంచి. తిన్నా, పండుకున్నా నాతోనే ఉండాది. గోళ్ళతో పీకి పారేద్దామన్నా చెయ్యి అందని చోట ఉండాది.

కొన్నాళ్ళకు మా తోట కాపలా చూసే గురప్ప వచ్చినాడు. పెద్దత్తను పూడ్చింది ఆ తోటలోనే.

"అమ్మా, పెద్దమ్మను పూడ్చిన కాడ మట్టి పైకి లేస్తా ఉండాది. ఇన్ని వానలకు కుంగాల గదా? నెల నెలకీ లేస్తా ఉండాది. పందికొక్కేమో తెలీలా" అన్నాడు.

ఎవరికీ చెప్పకుండా గురప్ప వెంట పోయినాను. పట్టపగలు, ఎండ కాస్తా ఉండాది. చుట్టుపక్కల నేలంతా వానకు అణిగి చదునుగా ఉంటే, ఆ ఒక్క చోట మట్టి గుండ్రంగా ఉబ్బి నిగనిగలాడతా ఉండాది. అక్కడక్కడా చర్మం సాగినట్టు సన్నగా చారలు పడినాయి. పచ్చి పురుడు వాసన. గురప్ప ముక్కుకు తువ్వాలు కట్టుకున్నాడు.

కూర్చుని చెయ్యి పెట్టినాను. మట్టి వెచ్చగా ఉండాది.

అరిచేతి కింద తన్నింది.

రోత. ఒళ్ళంతా రోత. చెయ్యి తీసేద్దామనుకున్నాను, తియ్యలేకపోయినాను. మళ్ళీ తన్నింది, గట్టిగా, నా రెండో కాన్పప్పుడు కూడా ఎన్నడూ తన్ననంత గట్టిగా.

గురప్ప పార ఎత్తినాడు. "తవ్వి చూద్దామా అమ్మా?"

"వద్దప్పా" అన్నాను. "నెలలు నిండనీ."