ఆ పేరు ఎవరు పిలుస్తారు?

పోయిన మనిషి జ్ఞాపకం డిలీట్ చేయించుకోవాలంటే చేయవలసినవి: ఆ మనిషి ఫోటోలు, బట్టలు కేంద్రంలో అప్పగించాలి. ఆ పేరు ఇక పలకబోమని ఊరివాళ్ల చేత వేలిముద్రలు వేయించాలి. డిలీట్ అయ్యాక మూడు రోజులు ఏదైనా కొత్త పని నేర్చుకోవాలి.

2084లో భీమిలి స్మృతి కేంద్రానికి వచ్చిన నూకరత్నం మొదటి రెండూ చేసుకునే వచ్చింది. మూడోదానికి సైకిలు నేర్చుకుంటానంది.

కంప్యూటర్‌లో డిలీట్ అంటే కాల్చి బూడిద చేయడం కాదు. ఆ చోటు ఖాళీ అని గుర్తు పెట్టడం. దానిపై కొత్తది రాసేదాకా పాతది అక్కడే ఉంటుంది. ‘చెరుపరి’ యంత్రం మెదడులోనూ అదే చేస్తుంది. అందుకే కొత్త పని నేర్చుకోమనడం. ఆ పేరు చెవినపడితే మాత్రం పాతది మళ్లీ లేస్తుంది.

“గోలెంలాగుందేటమ్మా నీ మిషను! జుట్టు సిక్కడిపోదు గదా?” అంది నూకరత్నం.

“పోదు పిన్నీ, పడుకో,” అంది టెక్నీషియన్ ఝాన్సీ.

“తమ్ముడు ములిగిపోయిన కాణ్నించీ పడవెక్కితే కాళ్లు కొయ్యబారిపోతన్నాయి. రేపు ఎక్కకపోతే పడవ ఏరేవోళ్లకిచ్చేత్తారు.” మంచమెక్కబోయి ఆగింది. “పడవ నీళ్లల్లోకి దించినప్పుడు పోయినోళ్ల పేరెట్టి పిలుత్తాం మేము. రేపట్నించి ఆడినెవులు పిలుత్తారు? నువ్వు గుర్తెట్టుకోవా తల్లీ? మైలపల్లి దాసయ్య.”

ఝాన్సీ తలూపింది. “సరే పిన్నీ.”

పావుగంటలో పని అయిపోయింది. నూకరత్నం తేలిగ్గా లేచి, సైకిలు ఎక్కడ దొరుకుతుందని అడిగి వెళ్లిపోయింది.

“ఇలా అడిగినావిడ ఈమే మొదలనుకుంటా,” అంది ఝాన్సీ.

“కాదు,” అంది చెరుపరి యంత్రం. “ఇంతవరకు నాలుగు వందల పన్నెండు మంది వచ్చారు. పేరు మీకు అప్పగించకుండా ఒక్కరూ మంచమెక్కలేదు. ప్రతిసారీ మీరు సరేనన్నారు.”

“నాకొక్కటీ గుర్తులేదే!”

“రోగుల రహస్యాలు బయటికి పోకూడదని రోజూ సాయంత్రం ఆరింటికి మీ ఆ రోజు జ్ఞాపకం కూడా డిలీట్ చేస్తున్నాం కదా.”

మరిచిపోవడానికి వచ్చిన మనిషి, ఇంకెవరో ఒకరు మరిచిపోకూడదని కోరుకుంటాడు. యంత్రం కట్టినవాళ్లు ఈ సంగతి లెక్కలోకి తీసుకోలేదు.

ఆరింటికి పదకొండు నిమిషాలున్నాయి. నిబంధన ఒప్పుకోదని తెలిసే ఝాన్సీ కాగితం తీసుకుంది. జరిగిందంతా రాసి, బయటికి పోయే తపాలాలో పడేసి వచ్చి, మంచమెక్కింది.

మీరు ఇప్పుడు చదివింది ఆ కాగితంలోని సంగతే. నూకరత్నం పడవ రోజూ తెల్లారుతూనే నీళ్లలోకి దిగుతుంది. ఆ వేళకు మీరెక్కడున్నా సరే, మనసులోనే ఒక్కసారి పిలవండి: మైలపల్లి దాసయ్య.