సరస్సు కనబడే గది

ఆ రోజు కూడా ఇంట్లో అందరికంటే ముందు ఆవిడే లేచింది. బూట్లు తొడుక్కుని వీధి చివర పార్కు చుట్టూ గబగబా నడిచి, చెమటలు తుడుచుకుంటూ ఇంటికి వచ్చింది. అరవై దాటిన మనిషి అలా పరుగులాంటి నడక నడుస్తుంటే ఇరుగుపొరుగువాళ్ళు మొదట్లో నవ్వుకున్నారు. సంగతి తెలిశాక నవ్వడం మానేశారు. ఆవిడ భర్తకు కిడ్నీలు రెండూ పాడైపోయాయి. రెండేళ్ళుగా వారానికి మూడుసార్లు ఆసుపత్రికి వెళ్ళి మిషను మీద రక్తం శుభ్రం చేయించుకుంటున్నాడు. భార్య కిడ్నీ సరిపోతుందని పరీక్షల్లో తేలింది. అప్పటి నుంచీ ఆవిడ తన ఒంటిని అద్దెకివ్వబోయే ఇంటిలా చూసుకుంటోంది. తీపి మానేసింది, ఉప్పు తగ్గించింది, చిన్న జలుబు చేసినా కంగారు పడుతోంది.

ఆయన్ని వీధిలో అందరూ అద్దాలాయన అంటారు. పెద్ద పెద్ద హోటళ్ళకు, ఆఫీసులకు కిటికీ అద్దాలు బిగించడం ఆయన పని. జబ్బు చేసేదాకా ఆ పని మీద ఊరూరా తిరుగుతూనే ఉన్నాడు.

"ఇదిగో, ఒక మాట," అన్నాడు ఆయన, తింటున్న రొట్టె ముక్క పక్కన పెట్టి. "కొండల మీద సరస్సు ఉంది చూడు, అక్కడ రెండు రోజులు ఉండి వద్దాం. వారం చివర మిషనుకీ మిషనుకీ మధ్య ఖాళీ వస్తుందిగా, అప్పుడు."

చొక్కా గుండీలు పెట్టుకుంటున్న కొడుకు ఆగిపోయాడు. అతను ఒక లారీల కంపెనీలో లెక్కలు చూస్తాడు. తండ్రి వైద్యం ఖర్చంతా అతని జీతం మీదే నడుస్తోంది.

"అక్కడ గది అద్దె ఎంతో తెలుసా నాన్నా? మా ఆఫీసులో ఒకతను ఆ డబ్బుతో పెళ్ళాం పిల్లల్ని విమానమెక్కించి వేరే దేశం తిప్పుకొచ్చాడు. అక్కడైతే పెట్టిన డబ్బుకి మర్యాదన్నా దక్కుతుందట. మన దగ్గర సెలవులొచ్చాయంటే చాలు, అందినకాడికి గుంజుతారు. కారు ఆపితే డబ్బు, పడవెక్కితే డబ్బు, బెంచీ మీద కూర్చున్నా ఎవడో ఒకడు రసీదు పుస్తకం పట్టుకుని వస్తాడు."

"వేరే దేశంలో నాకేం పనిరా?"

"ఆపరేషనయ్యి ఒంట్లో ఓపికొచ్చాక మీ ఇద్దర్నీ నేనే తీసుకెళ్తాను. ఇప్పుడిక్కడ తగలెయ్యడం దేనికి?"

"ఈ దేశమే నేనింకా చూళ్ళేదురా," అన్నాడు ఆయన. "తిరగడమంటావా, బోలెడు తిరిగాను. ఏ ఊరెళ్ళినా వెనక గుమ్మంలోంచి లోపలికి, మళ్ళీ వెనక గుమ్మంలోంచి బయటికి. అద్దం బిగించేటప్పుడు దాని మీద మరకలుంటే చూస్తాం గానీ, అవతలేముందో ఎవరు చూస్తారు?"

"వాడు చెప్పేదీ నిజమేగా," అంది భార్య. "ముందు ఆపరేషను కానివ్వండి."

ఆయన మాత్రం వదిలిపెట్టలేదు. రోజు విడిచి రోజు ఆ మాట ఎత్తుతూనే ఉన్నాడు. ఇంట్లో ఆయన పక్షాన ఉన్నది కోడలొక్కతే. ఆమె మందుల షాపులో పనిచేస్తుంది. జబ్బు మనుషులూ వాళ్ళ ఇంట్లోవాళ్ళూ ఆమెకు రోజూ కనిపిస్తూనే ఉంటారు. ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఫోనులో ఒక హోటలు ఫొటోలు మామగారికి చూపించింది.

"సరస్సు వైపు గది ఒకటే మిగిలిందట మావయ్యా. అవతల వైపువి ఇంకాస్త తక్కువ. కానీ అక్కణ్ణించి చూస్తే కార్లు తప్ప ఏమీ కనపడవట."

"నీకేమన్నా మతి ఉందా?" కొడుకు భార్య మీద విరుచుకుపడ్డాడు. "ఆపరేషను కోసం దాచింది ముట్టుకుంటే రేపు ఆసుపత్రివాళ్ళు అడిగినప్పుడు ఎక్కణ్ణించి తేవాలి?"

"ఆ అమ్మాయినేమీ అనకు," అన్నాడు తండ్రి. "ఆ ఆపరేషను జరగదురా."

వంటింట్లో గిన్నెలు కడుగుతున్న ఆయన భార్య చెయ్యి ఆగింది.

"నా గుండె తట్టుకోదట. బల్ల మీదే పోయే ప్రమాదం ఉందన్నాడు డాక్టరు. పోయిన నెలలోనే చెప్పాడు. ఇంట్లో నేను చెప్పుకుంటానులెండి అన్నాను."

తిప్పి ఉన్న కుళాయిలోంచి నీళ్ళు అలా పోతూనే ఉన్నాయి. కోడలు వెళ్ళి కట్టేసి వచ్చింది.

"నెల నుంచీ..." అంటూ భార్య తడిచేతులతోనే గుమ్మం దగ్గరికి వచ్చింది. "నెల నుంచీ తెల్లారకుండా లేచి నడుస్తున్నానండీ నేను."

"చూస్తూనే ఉన్నాను."

"చూస్తూ ఎట్లా ఊరుకున్నారు?"

కొడుకు నిలవలేకపోయాడు. గదిలో అటూ ఇటూ తిరిగాడు.

"ఒక్క డాక్టరు చెప్తే సరిపోతుందా? ఇంకొకరి దగ్గరికి వెళ్దాం. అప్పటిదాకా ఆ డబ్బు ఎవరూ కదపడానికి వీల్లేదు."

"వెళ్దాంలే. ముందు నేను సరస్సు చూసొస్తాను."

"నీకెలాగూ రోజులు లేవని ఉన్నదంతా ఊడ్చేస్తావా నాన్నా? మేమింకా బతకాలిగా ఇక్కడ."

అన్న తర్వాత గానీ తనేమన్నాడో అతనికి తెలియలేదు. కోడలు తల దించుకుంది. తండ్రి కొంచెంసేపు కొడుకు వైపే చూశాడు.

"నిజమే," అన్నాడు. అందులో ఎత్తిపొడుపు లేదు. నిజమేనని తోచే అన్నాడు. కొడుక్కి అదే ఎక్కువ గుచ్చుకుంది. చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

మర్నాడు ఆవిడ నడకకు వెళ్ళలేదు. కోడలు షాపుకు బయల్దేరుతుంటే దగ్గరికి పిలిచి, "ఆ గది తీసుకో," అంది. "సరస్సు కనబడేదే తీసుకో. బ్యాంకులో డబ్బు నా పేరున ఉంది. వాడేమన్నా అంటే నన్ను అననీ."

కొడుకు ఏమీ అనలేదు. నువ్వు కూడా రారా అని తండ్రి రెండుసార్లు అడిగితే, ఆఫీసులో పని ఎక్కువగా ఉందన్నాడు. బస్సెక్కించడానికి కూడా కోడలే వెళ్ళింది.

వాళ్ళు కొండ మీదికి చేరేసరికి మంచు కమ్ముకుని ఉంది. హోటలు కౌంటరులోని మనిషి తల ఎత్తకుండానే డబ్బు ముందే కట్టాలన్నాడు. గదిలో దుప్పటి చెమ్మగా ఉంది. కుళాయిలో నీళ్ళు కాసేపు ఎర్రగా వచ్చి తర్వాత తేటపడ్డాయి. ఇక సరస్సు సంగతికొస్తే, కిటికీ నిండా తెల్లగా మంచు తప్ప ఇంకేమీ లేదు. రెండు కప్పుల టీకి వాళ్ళు వేసిన ధర విని ఆవిడ మళ్ళీ అడిగి చెప్పించుకుంది.

"వాడు చెప్పినట్టే అయింది," అంది.

ఆయన వినిపించుకోలేదు. కిటికీ చట్రం మీద వేళ్ళు పెట్టి చూస్తున్నాడు. "గాలి లోపలికి వస్తోంది. ఎవడో దరిద్రుడు బిగించాడు," అన్నాడు. కిందికి ఫోను చేసి స్క్రూడ్రైవరు తెప్పించుకున్నాడు. రెండు మరలు తిప్పేసరికే ఆయాసం వచ్చి మంచం మీద కూలబడ్డాడు.

"ఇంత డబ్బు పోసి ఇక్కడికొచ్చింది వాళ్ళ కిటికీ బాగుచెయ్యడానికా?" అంది ఆవిడ. స్క్రూడ్రైవరు ఆయన చేతిలోంచి లాక్కుంది. "ఎటు తిప్పాలో చెప్పండి."

ఆయన చెప్పాడు. ఆవిడ అటు తిప్పమంటే ఇటు తిప్పింది. "కుడి చెయ్యి ఏదో కూడా తెలీదా నీకు?" అని ఆయన విసుక్కున్నాడు. "మీరు అటు కూర్చుని చెప్తే మీ కుడి నాకు ఎడమ కాదూ?" అని ఆవిడ ఎదురు తిరిగింది. అలా పోట్లాడుకుంటూ పోట్లాడుకుంటూ ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వుతూనే ఆవిడ ఏడుపులోకి దిగింది. ఆ ఆదివారం తర్వాత ఆవిడ ఏడవడం అదే మొదలు.

"నాకెందుకు చెప్పలేదండీ?"

"నువ్వు పొద్దున్నే నడుస్తుంటే వరండాలోంచి చూసేవాణ్ణి," అన్నాడు ఆయన. "ఆ ఒక్క ఆశతో నీ ముఖం కళకళలాడుతుండేది. చెప్పేస్తే మళ్ళీ మంచం పక్కన కుర్చీలో కూలబడతావు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ ఉండిపోయాను. నాకూ భయమేసింది."

"నాకు వేయదనుకున్నారా?"

ఆ రెండు రోజులూ వాళ్ళు గది దాటి పెద్దగా ఎక్కడికీ పోలేదు. దుప్పటి కప్పుకుని, తెల్లటి కిటికీ ముందు కూర్చుని మాట్లాడుకున్నారు. పెళ్ళైన కొత్తలో అద్దెకున్న గది, ఎప్పుడూ గొణిగే ఆ ఇంటావిడ, పసివాడుగా ఉన్నప్పుడు కొడుకు మింగేసిన గుండీ, ఎప్పుడో తెగిపోయిన స్నేహాలు. మందుల మాట వేళకు తప్ప రాలేదు.

తిరిగి వచ్చే రోజు ఉదయం బస్సు కొంత దూరం వెళ్ళి ఆగిపోయింది. ముందురోజు కురిసిన వానకు కొండచరియ విరిగి రోడ్డు మీద పడింది. ఇవతల బండ్లు ఇవతలే, అవతల బండ్లు అవతలే నిలిచిపోయాయి. ఆ సాయంత్రం ఆయన మిషను మీద ఉండాలి. మధ్యాహ్నమయ్యేసరికి కాళ్ళు వాచాయి. సీటుకు చేరగిలితే ఊపిరి ఆడక ముందుకు వంగి కూర్చున్నాడు. ఆవిడ కొడుక్కి ఫోను చేసింది. తిడతాడనుకుంది.

"ఎక్కడున్నారమ్మా?" అన్నాడు అతను. "నాన్నని పడుకోబెట్టకు. అలాగే కూర్చోనీ. నేనొస్తున్నా."

కంపెనీ వ్యాను తీసుకుని, ఆ దారి బాగా తెలిసిన డ్రైవరుని వెంటబెట్టుకుని అతను వచ్చాడు. రోడ్డు పనివాళ్ళు రాళ్ళ మీదుగా తాడు కట్టి, నడవగలిగినవాళ్ళను ఒక్కొక్కరినే దాటిస్తున్నారు. అతను మోకాళ్ళదాకా బురదతో ఇవతలికి దాటి వచ్చాడు. బస్సులో తండ్రిని చూశాడు. వీపు తిప్పి కూర్చున్నాడు.

"ఎక్కు నాన్నా."

"పడిపోతావురా."

"ఎక్కమన్నానా."

కొడుకు మెడ చుట్టూ చేతులు వేసి ఆయన ఎక్కాడు. వెనక ఆవిడ, తాడు పట్టుకున్న ఒక పనివాడు. సగం దాటాక, జారే రాళ్ళ మధ్య కొడుకు కాలు నిలదొక్కుకుంటుండగా, తండ్రి అతని చెవి దగ్గర అన్నాడు.

"కాస్త అటు తిరగరా."

"ఇప్పుడా నాన్నా?"

"ఒక్క క్షణం."

అతను మెల్లగా తిరిగాడు. మంచు విడిపోతోంది. కింద లోయలో సరస్సు ఉంది. ఫొటోల్లోలా నీలంగా లేదు. బూడిదరంగులో, గాలికి సన్నగా ముడతలు పడుతూ, చాలా పెద్దగా ఉంది. ఒడ్డున ఒక్క మనిషీ లేడు.

"ఇక్కణ్ణించైతే గది అద్దె లేదు," అన్నాడు తండ్రి, ఆయాసపడుతూ. కొడుకు భుజాలు కదలడం తండ్రికి తెలిసింది. తాడు పట్టుకున్న పనివాడు పదండి పదండి అన్నాక మళ్ళీ కదిలారు.

వాళ్ళు ఆసుపత్రి చేరేసరికి చీకటి పడింది. నర్సులు ఆయన్ని వెంటనే లోపలికి తీసుకుపోయి మిషను తగిలించారు. ఊపిరి కాస్త సర్దుకున్నాక కొడుకుని లోపలికి రానిచ్చారు.

"ఆ రోజు నేనన్న మాట నాన్నా..."

"నేను మర్చిపోయాను."

"నేను మర్చిపోలేదు."

"సరే, మర్చిపోకు," అన్నాడు తండ్రి కళ్ళు మూసుకుని. "ఇంకెవరినన్నా అనబోయే ముందు గుర్తొస్తుంది."

బయట బెంచీ మీద తల్లి పక్కన కూర్చున్నాడు కొడుకు. అతని బట్టల మీద బురద ఎండి పెళుసుబారింది.

"నాన్న బరువే లేడమ్మా. ఎత్తుకుని లేవగానే వెనక్కి చూసుకున్నాను, సరిగ్గా ఎక్కలేదేమోనని."

ఆవిడ అతని మోకాలి మీద చెయ్యి వేసింది.

"అంత డబ్బు పెట్టి వెళ్ళారు కదా. బాగుందా అక్కడ?" అని అడిగాడు.

"ఏం బాగుంటుందిరా. దుప్పట్లు చెమ్మ. టీ వాడు నిలువుదోపిడీ. ఉన్నన్నాళ్ళూ ఏమీ కనపడలేదు. డబ్బు దండగే." అతని బట్టల మీది బురద గోటితో గీకింది. "కానీ మీ నాన్న నాతో మాట్లాడారు. ఈ జబ్బు వచ్చాక మేమిద్దరం మందుల గురించి తప్ప ఇంకోటి మాట్లాడుకోలేదని అక్కడికెళ్ళాక గానీ తెలీలేదు. నువ్వు కూడా వచ్చుంటే బాగుండేదిరా."

ఆవిడ నిందగా అనలేదు. ఉన్న మాటే అంది. కొడుకు రెండు చేతుల్లో ముఖం దాచుకుని, వచ్చేపోయేవాళ్ళు చూస్తున్నా పట్టించుకోకుండా ఏడ్చాడు.

రెండో డాక్టరు కూడా మొదటాయన చెప్పిందే చెప్పాడు. ఆ తర్వాత మిషను ఉన్న రోజుల్లో తండ్రి వెంట కొడుకే వెళ్ళాడు. ఆఫీసులో జీతం కోసుకున్నా లెక్కచేయలేదు. చలికాలం ముగియకముందే ఒక ఉదయం, టీ తెచ్చిన కోడలు ఎంత పిలిచినా అద్దాలాయన పలకలేదు.

చూడటానికి వచ్చిన చుట్టాలతో ఇల్లు నిండిపోయింది. అద్దాలాయన అక్కగారు, మనసులో ఏదీ దాచుకోని మనిషి, ముందుగదిలో అందరి మధ్యా గొంతెత్తింది.

"ఆ కొండల ప్రయాణమే నా తమ్ముణ్ణి తినేసింది. మంచాన ఉన్న మనిషిని ఎవరన్నా అంత దూరం పంపిస్తారా? వైద్యానికి దాచిన డబ్బు షికార్లకి తగలేస్తారా? ఎవరికి పుట్టింది ఈ బుద్ధి?"

కోడలు ఏదో చెప్పబోయింది. కొడుకు చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు.

"నేనే పంపించానత్తయ్యా," అన్నాడు. "నాన్న అడిగాడు, నేను పంపించాను. అమ్మనేమీ అనకండి. మళ్ళీ అడిగినా పంపిస్తాను. నేను కూడా వెళ్ళకపోవడం ఒక్కటే పొరపాటు."

పక్కగదిలో భర్త చొక్కాలు మడతపెడుతున్న ఆవిడకు ఆ మాటలు వినిపించాయి. పొద్దున్నుంచీ ఎవరెంత చెప్పినా ఆవిడ కంట తడి రాలేదు. ఇప్పుడు చేతిలోని చొక్కా ముఖానికి అదుముకుని గట్టిగా ఏడ్చింది. ఆ ఏడుపు విని మేనత్త నోరు మూసుకుంది. కొడుకు లేచి లోపలికి వెళ్ళి, తల్లి పక్కన నేల మీద కూర్చున్నాడు.