సాక్షి నంబర్ ఏడు

అబ్బాస్ శవం కువైట్‌లోని జహ్రా శివార్లలో అతని ట్రక్కు క్యాబిన్‌లోనే దొరికింది. మెడ మీద సూది గుర్తు.

ఫర్వానియాలోని కార్గో షాపు వెనకగదిలో రమేష్‌బాబు ఆ ఫొటోను ఇఫ్ఫత్ ముందు పెట్టాడు. పైకి అతను పార్సిళ్లు పంపే వ్యాపారి. అసలు హోదా భారత గూఢచారి విభాగంలో కువైట్ చీఫ్.

"నీ రిపోర్టులో సాక్షి నంబర్ ఏడు ఇతనేనా?"

"ఇతనే సార్."

రాయచోటికి చెందిన ఇఫ్ఫత్ తొమ్మిదేళ్లు రిపోర్టర్‌గా పనిచేసింది. రాసిన వార్త మర్నాటికి పాతబడిపోయేది. పరిశోధన చేస్తే ప్రభుత్వాల పాలసీలైనా మారతాయని నమ్మి, యుద్ధాలను అధ్యయనం చేసే సంస్థలో చేరి కువైట్ వచ్చింది. రమేష్‌బాబుకు ఏజెంట్‌గా పనిచేయడానికి ఆ ఉద్యోగమే ఆమెకు ముసుగు. ఒక విదేశీ ముఠా సహాయ సామగ్రి పేరుతో యుద్ధానికి ఆయుధాలు చేరవేస్తోందని పన్నెండుమంది డ్రైవర్లు ఆమెకు చెప్పారు. పత్రికలో ఉన్నప్పుడు అలా చెప్పినవాళ్ల పేర్లు ఆమె తలలోనే ఉండేవి. ఇక్కడ సంస్థ నిబంధన ప్రకారం ఫైల్లోకి ఎక్కించింది.

"ఫైలు దొంగిలించింది క్లారా," అన్నాడు రమేష్‌బాబు.

క్లారా సంస్థకు పాలసీ సలహాదారు. ముత్యాల దుద్దులు, ఏ రాయబారినైనా నవ్వించగల చనువు. రెండేళ్లుగా రమేష్‌బాబుకు సమాచారం ఇస్తున్నదీ ఆమే.

"మనకూ పనిచేసింది, ఆ ముఠాకూ పనిచేసింది. నమూనాగా ఒక్క పేరు ఇచ్చింది. మిగతా పదకొండూ ఈ మధ్యాహ్నం సెమినార్ టీ బ్రేక్‌లో చేతులు మారతాయి. రెండో కాపీ తీయడానికి వీల్లేని ఫైలది. పెన్‌డ్రైవ్ ఆమె లిప్‌స్టిక్‌లో ఉంది."

అచ్చం అలాంటి లిప్‌స్టిక్‌నే ముందుకు తోశాడు.

"ఇందులో ట్రాకర్ ఉంది. ఎక్కడ ఆగితే అక్కడికి పోలీసులు వస్తారు."

సెమినార్ జరిగే హోటల్లో క్లీనర్ గంగులమ్మ తన రెండో జత యూనిఫాం ఇఫ్ఫత్‌కు ఇచ్చింది.

"మాస్కు గూడా పెట్టుకో పాపా. అయినా ఈ గుడ్డలేసుకున్నాక మన మొగం ఎవురు సూస్తారులే."

లేడీస్ వాష్‌రూంలో గట్టు మీద నీళ్లు చిలకరించి, ఇఫ్ఫత్ తుడుపుగుడ్డ పట్టుకుని నిలబడింది. క్లారా వచ్చి హ్యాండ్‌బ్యాగ్ ఆ తడిలోనే పెట్టి చేతులు కడుక్కోసాగింది. రెండేళ్లు పక్కపక్క టేబుళ్ల మీద పనిచేసిన మనిషి. అద్దంలో ఇద్దరి చూపులూ కలిశాయి. క్లారా తన జుట్టు సర్దుకుంది.

"సారీ మేడమ్, తడి."

ఇఫ్ఫత్ బ్యాగు ఎత్తి అడుగు తుడిచింది. గుడ్డ చాటున ఆమె వేళ్లు లోపలికెళ్లి లిప్‌స్టిక్ మార్చాయి. బ్యాగు కింద పెట్టిందో లేదో, తలుపు తెరుచుకుని నల్ల సూటు వేసుకున్న ఒక స్త్రీ లోపలికి వచ్చింది.

"మీ లిప్‌స్టిక్ పడిపోయింది," అంటూ క్లారా తన బ్యాగులోంచి తీసి ఆమెకిచ్చింది.

ఇరవై నిమిషాల్లో పోలీసులు పార్కింగ్‌లో ఆ స్త్రీనీ, మరో ముగ్గురినీ పట్టుకున్నారు. క్లారా ఈలోపే మాయమైంది.

"వెతకాలా సార్?"

"అక్కర్లేదు," అన్నాడు రమేష్‌బాబు. "ట్రాకర్ ఎవరి చేతి మీదుగా వచ్చిందో ముఠాకు తెలుసు. ఆమెను వాళ్లే వెతుక్కుంటారు."

ఇఫ్ఫత్ అబ్బాస్ భార్యకు ఫోన్ చేసింది. అవతలి ఏడుపు ఆగేదాకా వింది. ఫోన్ పెట్టేశాక క్లారా లిప్‌స్టిక్‌లోని పెన్‌డ్రైవ్‌ను సుత్తితో పొడి చేసింది.

పేర్లు లేని రిపోర్టు చూసి సంస్థ డైరెక్టర్ మొహం చిట్లించాడు.

"ఇలాంటి దాన్ని ఏ ప్రభుత్వం నమ్ముతుంది? మీ ఆధారాలు ఏమయ్యాయి?"

"బతికున్నాయి సార్," అంది ఇఫ్ఫత్.