నాలుగో గీత

ఉదయం ఏడు కాకముందే వెంకటేశులు ఇంట్లో మగ్గం చప్పుడు వినపడాలి. ధర్మవరంలో ఆ వీధి ఆడవాళ్లు ఆ చప్పుడు వినే పొయ్యి ముట్టిస్తారు. ఆ రోజు ఏడున్నరైనా మగ్గం పలకలేదు. వెంకటేశులు వరండాలో గొంతుకూర్చుని, పెరుగన్నం మెత్తగా పిసికి భీముడి నోటికి అందిస్తున్నాడు. భీముడంటే వాళ్ల కుక్క.

"తినప్పా, రోంత తిను. మందుబిళ్ల మింగాల గదా నువ్వు."

లోపల రాట్నం ముందు కూర్చుని పట్టుదారం కండెలకు చుడుతున్న ఆదిలక్ష్మికి కడుపు భగ్గున మండింది. పద్దెనిమిదేళ్ల కాపురంలో మొగుడి గొంతు ఇంత మెత్తగా తనకెప్పుడైనా వినిపించిందా? కుక్క మీద కుళ్లుకునే ఆడది ఉంటుందా అని నవ్వకండి. ఉంటుంది.

నిజానికి భీముడికి ఆపరేషన్ చేయించమని పోరుపెట్టింది ఆమే. చిత్తకార్తె వచ్చిందంటే చాలు, వాడు గోడ దూకి ఊరంతా తిరిగి, చెవులు చింపుకొని వచ్చేవాడు. మొన్న గోరంట్ల బస్సు కింద పడబోయి వెంట్రుకవాసిలో తప్పించుకున్నాడు. "మొగ పుట్టుకకు అట్ల చేస్తే పాపం గదమ్మే" అని వెంకటేశులు మొరాయిస్తే, పశువుల డాక్టరు జయరాజు నచ్చజెప్పాడు.

"ఏం కాదప్పా. ముందురోజు రాత్రి కూడు పెట్టొద్దు. చేసిన రోజు మత్తుకు తూలతాడు, ఒకసారి కక్కినా భయపడొద్దు. కొంచెం వాపుంటాది. అది పెరిగినా, చీము పట్టినా వెంటనే తీసుకురా. పది రోజులు దూకనీయొద్దు, కుట్లు నాకనీయొద్దు. తిరుగుడు రేపటికే మానడు, నెలో రెండు నెలలో పడతాది. అంతవరకు ఆడకుక్కల దగ్గరికి పోనీయొద్దు. తర్వాత ఒళ్లు చేస్తాడు, తిండి చూసి పెట్టు. ఇంటి కాపలా మాత్రం మానడులే."

వెంకటేశులు ప్రతి మాటా రెండుసార్లు అడిగి తెలుసుకున్నాడు. ఆపరేషన్ చేయించి ఇంటికొచ్చాక మగ్గం పక్క గోడ మీద చాక్‌పీసుతో రోజుకో గీత గీయడం మొదలుపెట్టాడు. చీరల పెట్టె అట్ట కత్తిరించి, నాకకుండా వాడి మెడచుట్టూ గొట్టంలా కట్టాడు. ఇన్నీ చూస్తూ ఆదిలక్ష్మి మూడు రోజులు పళ్లు బిగబట్టుకుంది.

ఆ పొద్దున వెంకటేశులు నాలుగో గీత గీశాడు. నాలుగు ముద్దలు తిని భీముడు కళ్లు మూసుకున్నాడు. అప్పుడతను వెనక్కి తిరిగి గుసగుసగా అన్నాడు.

"ఏమ్మే, రోంతసేపు ఆ రాట్నం ఆపు. ఆ చప్పుడుకు వీడు ఉలిక్కిపడతాండాడు."

ఆదిలక్ష్మి చేతిలో దారం పుటుక్కున తెగింది.

"కుక్కకు నిద్ర చెడతాదని రాట్నం ఆపేదా?"

"మెల్లగా మాట్లాడు. వానికి కుట్లేసినారు."

"నాకెయ్యలేదా కుట్లు?"

బడికి జడ వేసుకుంటున్న కూతురు చైతన్య దువ్వెనతోనే పరిగెత్తుకొచ్చింది. "ఏమైందమ్మా?"

"నీకు చెప్తా ఉండు. తొంభై ఒకటిలో, నువ్వు మూడు నెలల పిల్లవి. పెనుకొండ క్యాంపులో నాకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసినారు. జాగ్రత్తలు చెప్పల్లని నర్సమ్మ మీ నాయన కోసం ఎంత వెతికిందో! ఈయప్ప యాడుండాడు? బయట టీ తాగుతాండాడు. నాలుగోరోజు, ఎవరిదో పెండ్లి చీర తెమలాలని నన్ను ఇదే రాట్నం ముందర కూర్చోబెట్టినాడు. కుట్టు దగ్గర చీము పడితే 'అందరు ఆడోళ్లకూ చేస్తారులే' అన్న్యాడు. ఒక్క ముద్ద కలిపి పెట్టినాడేమో అడుగు!"

"నాకేం తెలుసమ్మే అప్పుడు? ఎవరూ చెప్పకపాయె..."

"చెప్పేకి నువ్వు ఆడుంటే గదా! కుక్క డాక్టరును మాత్రం రెండుసార్లు అడిగి తెలుసుకుంటివి. నేను ఆపాటి కూడా కానా నీకు? నాకు కుళ్లే. ఔను, కుళ్లే! నోరులేని జీవం మీద కుళ్లుకునేట్ల చేసినావు నన్ను!"

ఆమె కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. వెంకటేశులు గోడకేసి చూశాడు. తర్వాత భీముణ్ణి చూశాడు. లేవబోయి, నొప్పికి మళ్లీ కూలబడ్డాడు వాడు.

"నాలుగోరోజేనా, ఆదీ?"

"నాలుగోరోజే."

అతను లోపలికొచ్చి, ఆమెను పక్కకు జరిపి రాట్నం ముందు కూర్చున్నాడు. ఆ వీధిలో మగ్గం మగవాడిది, రాట్నం ఆడదానిది. ఏ మగవాడూ అక్కడ కూర్చోగా ఎవరూ చూడలేదు. చక్రం తిప్పితే దారం రెండుసార్లు తెగింది. కండె నడుమ ఉబ్బి, కొసన సన్నబడింది. చైతన్య నోటికి చెయ్యడ్డం పెట్టుకుంది.

ఏడుస్తున్న ఆదిలక్ష్మికి నవ్వొచ్చింది. "లేయప్పా సామీ. ఆ కండె మగ్గం నాడెలో పట్టేట్లు లేదు."

"పట్టకపోతే పోనీ. వానికి ఇంకా ఆరు రోజులుండాయి. నీకు అప్పుడు నేనియ్యని ఆరు రోజులు..." వెంకటేశులు తెగిన దారం ముడేశాడు. "తప్పు నాదే ఆదీ. పదమూడేండ్లు తెలుసుకోలేకపోతి. ఈ ఆరు రోజులు నువ్వు ఈ రాట్నం జోలికి రావద్దు. పండుకో, కూర్చో, నీ ఇష్టం."

ఆదిలక్ష్మి వరండాలోకి వెళ్లి గోడకు ఆనుకుని కూర్చుంది. భీముడు మెల్లగా పాక్కుంటూ వచ్చి, అట్ట గొట్టంతో సహా తల ఆమె ఒళ్లో పెట్టాడు. "నీ తప్పేముందిరా ఇందులో" అంటూ చెవి వెనక నిమిరింది.

కాసేపటికి వెంకటేశులు ఇంకో గిన్నె పట్టుకొచ్చాడు. పెరుగన్నమే.

"వాని గిన్నె కాదు గదా?" అంది ఆమె అనుమానంగా.

"కాదులేమ్మే. నోరు తెరువు."

కూతురు చూస్తుండగానే ఆమె నోరు తెరిచింది. అన్నంలో ఉప్పు వేయడం మరిచిపోయాడు. ఆదిలక్ష్మి ఆ సంగతి చెప్పకుండా గిన్నె ఖాళీ అయ్యేదాకా తింది.