కార్టహేనాలో పసుపు గౌను

"ఇందూ, దొరికిందా?"

"లేదు మేడమ్. కోటేశ్వరి ఫోన్ సిగ్నల్ ఈ వీధిలోనే ఉంది. మనిషెవరో తెలియడం లేదు."

"టైమ్ లేదమ్మా. ఇక్కడ కార్క్‌లో మందుల ప్లాంట్ తలుపులన్నీ ఆ ఫోన్‌తోనే లాక్ చేసేసింది. లోపల రెండు వందల మంది. ఇక్కడ ఐదు కాగానే, అంటే నీకు పదకొండు కాగానే, గ్యాస్ వదులుతుంది. గార్డ్స్ తలుపులు కోస్తున్నారు గానీ గంట పడుతుందట." డబ్లిన్‌లో ఉన్న చీఫ్ హెలెన్ గొంతు తగ్గించింది. "మీ లోహిత కూడా లోపలే ఉంది."

చెల్లెలి పేరు వినగానే ఏజెంట్ ఇందుమతి చెవిలోని ఇయర్‌పీస్ గట్టిగా నొక్కుకుంది. కాళ్ళు మాత్రం తాపీగా టూరిస్టు నడకే నడిచాయి. పదకొండుకు రెండు నిమిషాలు తక్కువ.

దిక్కుమాలిన కార్టహేనా వీధి, ఎంత అందంగా ఉందో! స్పెయిన్ దొరల కాలంనాటి ఇళ్ళు. ఒకటి గులాబీ, ఒకటి నీలం, ఒకటి గుమ్మడిపండు రంగు. చెక్క బాల్కనీల నిండా కాగితం పూలు. వాటి కింద సెల్ఫీలు దిగుతూ ముప్పై మంది ఆడవాళ్ళు. అందులో ఒకతె కోటేశ్వరి. ఇందుతో పాటే ట్రైనింగ్ అయి, శత్రు ముఠాకు అమ్ముడుపోయిన డబుల్ ఏజెంట్. సర్జరీతో మొహమంతా మార్పించుకుంది.

మొహం సరే, తెనాలి పెంపకాన్ని ఏ డాక్టరు కోస్తాడు?

మూల మీద పాత పుస్తకాల బండి ఉంది. ఇందుమతి తూలిపడినట్టు నటించి దాన్ని ఒక్క తోపు తోసింది. 'సరస్వతీ, తప్పు కాయి తల్లీ' అనుకుంది. పుస్తకాలు వీధికి అడ్డంగా పరుచుకున్నాయి. బండివాడు స్పానిష్‌లో తిట్ల దండకం ఎత్తుకున్నాడు.

కొందరు దాటుకుంటూ పోయారు. కొందరు తొక్కుకుంటూ పోయారు. పసుపు గౌను, వెడల్పు టోపీ వేసుకున్న ఒక సుందరి ఫోన్ చూసుకుంటూ వచ్చింది. హైహీల్ ఒక పుస్తకం అట్టకు తగిలింది. ఆమె చటుక్కున వంగి, పుస్తకాన్ని తాకి, ఆ వేళ్ళు కళ్ళకద్దుకుంది.

ఇందు ఒక్క ఉదుటున ఆమెను గులాబీ గోడకేసి నొక్కి ఫోన్ లాక్కుంది. స్క్రీన్ మీద పద్నాలుగు సెకన్లు. ఆపాలంటే ఫేస్ లాక్. ఫోన్ మొహం ముందు పెట్టింది. కోటేశ్వరి కళ్ళు గట్టిగా మూసుకుంది.

"తెరువు!"

"చావు!"

ఇందు ఆమె బొటనవేలు వెనక్కి విరిచింది. కోటేశ్వరి కెవ్వుమంటూ కళ్ళు తెరిచింది. లాక్ తెరుచుకుంది. మూడు... రెండు... ఇందు స్టాప్ నొక్కింది.

"తలుపులు తెరుచుకున్నాయ్!" హెలెన్ అరిచింది. "ఇదిగో, మీ చెల్లి."

"ఐయామ్ గ్రాండ్ అక్కా, బాగానే ఉన్నా." లోహిత వెక్కి వెక్కి ఏడుస్తోంది. ఇందుకూ ఏడుపొచ్చింది. అయినా సంకెళ్ళు గట్టిగానే బిగించింది.

"నన్నెట్టా గుర్తుపట్టావే?" పళ్ళు నూరుతూ అడిగింది కోటేశ్వరి.

"రెండొందల మందిని చంపబోతే రాని పాపభయం, పుస్తకానికి కాలు తగిలితే వచ్చింది కదే నీకు! పద. జైల్లో లైబ్రరీ ఉంటుంది. చెప్పులు బయట విడిచి వెళుదువుగాని."