పెన్సిల్‌తో రాసిన శనివారం

"పక్కకి జరగండి డాక్టర్ గారూ, లైన్‌కి అడ్డంగా ఉన్నారు."

పేట ఆరోగ్య కేంద్రంలో నర్సు జాసీరా నాతో అన్న మొదటి మాట అది. ఆమె చేతిలో సూది ఉంది కాబట్టి వెంటనే జరిగాను.

నేను డాక్టర్ని కాను. బ్రెజిల్‌లోని కాంపో గ్రాందీ యూనివర్సిటీ నుంచి లాప్‌టాప్ మోసుకొచ్చిన రీసెర్చ్ స్కాలర్‌ని. డెంగీ టీకా ఎవరు వేయించుకుంటున్నారు, ఎవరు మానేస్తున్నారు అన్నది, కంప్యూటర్‌లో ఇదివరకే ఉన్న రికార్డులను బట్టి తేల్చడం నా పని. పరాగ్వే సరిహద్దు దగ్గరున్న ఈ తరుమా పేట రికార్డు మరీ అధ్వాన్నం. మొదటి డోసుకి పేటంతా కదిలివచ్చింది. మూడు నెలల తర్వాత రెండో డోసుకి పదిమందిలో ఇద్దరొచ్చారు.

"మీ పేటవాళ్లకి నిర్లక్ష్యం ఎక్కువండీ," అన్నాను తెలివిగా. "రిపోర్టులో అదే రాయాలి. రాస్తే మీ వాటా డోసులు వేరే ఊళ్లకి వెళ్లిపోతాయి."

లైన్‌లో తలలన్నీ నా వైపు తిరిగాయి. జాసీరా నన్ను కింది నుంచి పైదాకా చూసింది.

"మీరు వేయించుకున్నారా?"

"ఇంకా... టైమ్ దొరకలేదు."

"టీకా ఎవరు వేయించుకోలేదో లెక్క రాసే మనిషే వేయించుకోలేదు. కూర్చోండి."

కూర్చున్నాను. సూది కన్నా లైన్‌లో వినిపించిన నవ్వులే ఎక్కువ గుచ్చుకున్నాయి. ఆమె కార్డు మీద ఆ రోజు తేదీ పెన్నుతో వేసి, దాని పక్కన పెన్సిల్‌తో 'జూన్ 14' అని రాసింది.

"పెన్సిల్ ఎందుకు?"

"అయిపోయింది పెన్నుతో, రావలసింది పెన్సిల్‌తో. వచ్చినరోజు పెన్నుతో దిద్దుతాం. మీ కంప్యూటర్‌లో పెన్సిల్ ఉండదు కదా పాపం."

తర్వాత మూడు రోజులు అక్కడే పనిచేశాను. మధ్యాహ్నం అందరూ ఒకే కొమ్ము కప్పులో, ఒకే గొట్టంతో తెరెరే అనే చల్లటి ఆకు టీ తాగేవారు. మొదటిరోజు ఒక గుక్క తాగి థాంక్స్ చెప్పాను. అంతే, కప్పు మళ్లీ నా దాకా రాలేదు. జాసీరాయే రానివ్వడం లేదనుకుని లోలోపల కుమిలిపోయాను.

మూడోరోజు ఉండబట్టలేక అడిగాను. "నా మీద ఇంకా కోపమేనా?"

"థాంక్స్ అంటే ఇక చాలని అర్థం బాబూ. ఆ సంగతి ఎవరూ చెప్పలేదా?" అని జాసీరా కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వింది. ఆ నవ్వుకి నా పని సగం పాడైంది.

ఆ సాయంత్రం వానలో, ఒకే గొడుగు కింద నన్ను పేటలోకి తీసుకెళ్లింది. గొడుగు చిన్నది. నా ఎడమ భుజం పూర్తిగా తడిసింది, నాకేమీ ఇబ్బంది అనిపించలేదు.

కోళ్ల ఫ్యాక్టరీలో మాంసం కోసే నేయిదా ఇంటికి వెళ్లాం. ఆవిడ బిస్కెట్ డబ్బా తెరిచి ఇంట్లో నలుగురి టీకా కార్డులు మంచం మీద పరిచింది. నాలుగింటి మీదా పెన్సిల్ తేదీలు చెక్కుచెదరకుండా ఉన్నాయి.

"ఆ రోజు రాలేదా అక్కా?" అన్నాను.

"రాకపోవడమేంటి నాయనా. ఐదింటికి ఫ్యాక్టరీ వదిలితే చెప్పులు చేత్తో పట్టుకుని పరిగెత్తాను. మీ తలుపు ఐదింటికే మూసేస్తారు. మొదటి డోసప్పుడు శనివారాలు తెరిచారు, హాయిగా వేయించుకున్నాం. తర్వాత ఆ శనివారం ఎత్తేశారు."

బస చేసిన గదికి వెళ్లి రికార్డులు మళ్లీ తెరిచాను. తరుమా పేట మొదటి డోసు తేదీలు దాదాపు అన్నీ శనివారాలే. ఇన్నాళ్లూ నా కళ్లెదుటే ఉన్నాయి. సిగ్గేసింది.

మర్నాడు బస్సెక్కేముందు జాసీరాకి ఆ మాటే చెప్పాను. "రిపోర్టు మారుస్తాను. శనివారం మళ్లీ తెరవమని రాస్తాను."

"చాలామంది వచ్చారు, రాసుకున్నారు, వెళ్లారు." ఆమె నా వైపు చూడలేదు. "మీ కార్డు చూసుకున్నారా? జూన్ 14 ఏ వారం?"

ఫోన్‌లో చూశాను. శనివారం.

"మొదటిరోజు కోపంలో కావాలనే రాశాను. మూసిన తలుపు ముందు నిలబడితే ఎలా ఉంటుందో మీక్కూడా తెలియాలని." ఆమె గొంతు తగ్గింది. "ఇప్పుడు మాత్రం ఆ తలుపు తీసి ఉండాలనిపిస్తోంది."

ఆమె నంబర్ అడిగే ధైర్యం లేక బస్సెక్కాను. మా ప్రొఫెసర్ రిపోర్టు రెండుసార్లు తిప్పి పంపారు. మూడోసారి శనివారాల పట్టిక ముందు పెట్టేసరికి సంతకం చేశారు. పై ఆఫీసు ఏం తేల్చిందో మాత్రం కబురు లేదు.

జూన్ 14న, తలుపు మూసి ఉంటే దాని ముందే నిలబడదామని పొద్దున్నే బస్సెక్కాను. మలుపు తిరగ్గానే లైన్ కనిపించింది. నేయిదా తన ఇంటివాళ్లతో ముందు నిలబడి ఉంది. తలుపు బార్లా తీసి ఉంది.

నా వంతు వచ్చేదాకా జాసీరా తలెత్తలేదు. సూది వేసి, తేదీ మీద పెన్నుతో దిద్దింది.

"మీ ఊళ్లో డోసు దొరకలేదా?"

"దొరుకుతుంది."

"మరి ఐదు గంటలు బస్సులో ఎందుకు?"

"డోసు అక్కడ కూడా ఉంది. నువ్వు ఇక్కడ ఉన్నావు. నువ్వంటే నాకు ఇష్టం జాసీరా."

"త్వరగా తేల్చమ్మా, మాకు పనులున్నాయి," అన్నాడు వెనక లైన్‌లోంచి ఎవరో ముసలాయన.

జాసీరా చెవులు ఎర్రబడ్డాయి. కార్డు దగ్గరికి లాక్కుని, పెన్సిల్‌తో ఇంకో తేదీ వేసింది. జూన్ 24.

"మూడో డోసు లేదు కదా?"

"సెయింట్ జాన్ పండగ. మా వాకిట్లో మంట వేస్తారు. మొక్కజొన్న పాయసం మా అమ్మ చేస్తుంది. నిన్ను చూడాలంది." కార్డు నా ముందుకి జరిపి మెల్లగా అంది, "వస్తే పెన్నుతో దిద్దుతాను."

ఆమె చేతిలోంచి పెన్ను తీసుకుని, ఆ తేదీ మీద అప్పుడే నేనే దిద్దేశాను.